భవన నిర్వహణలో దత్తాంశం, స్మార్ట్ సాంకేతికత

ఈ భాగం చదివిన తరువాత మీరు భవనం నుంచి దత్తాంశం ఎలా వస్తుందో వివరించగలుగుతారు; శక్తి వినియోగ సూచికను లెక్కించగలుగుతారు; పరికరం చూపే అంకెను ఎప్పుడు అనుమానించాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీ ఇంటి కరెంటు బిల్లు నెల మొత్తంలో ఎన్ని యూనిట్లు వాడారో చెబుతుంది గాని, ఏ గంటలో, దేనికి వాడారో చెప్పదు. పెద్ద కార్యాలయానికి ఒకే మీటరు ఉంటే పరిస్థితి అదే. ఏసీలకు, లైట్లకు, లిఫ్టులకు, పంపులకు వేర్వేరు ఉపమీటర్లు పెట్టి, పావుగంటకొకసారి రీడింగు నమోదు చేస్తే ఈ లోటు తీరుతుంది.

2. వ్యవస్థ పనిచేసే తీరు

ఇందులో మూడు అంచెలు ఉంటాయి. సెన్సర్లు ఉష్ణోగ్రత, తేమ, కార్బన్ డయాక్సైడ్ వంటివాటిని కొలుస్తాయి. కంట్రోలర్లు ఆ కొలతను మనం నిర్ణయించిన విలువతో పోల్చి, యంత్రాలకు ఆదేశమిస్తాయి. పర్యవేక్షణ కంప్యూటరు అన్నింటినీ నమోదు చేసి చూపుతుంది. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి బ్యాక్‌నెట్ వంటి ఉమ్మడి ప్రమాణాలు ఉన్నాయి.

ఒక సమావేశ మందిరాన్ని తీసుకోండి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం. జనం నిండితే లోపల అది పెరుగుతుంది. కంట్రోలర్ ఫ్యాను వేగం పెంచి తాజా గాలిని రప్పిస్తుంది. జనం వెళ్ళిపోతే వేగం తగ్గిస్తుంది. ఫ్యానుకు కావలసిన విద్యుత్తు దాని వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే 0.8 × 0.8 × 0.8 = 0.512. అంటే సిద్ధాంతరీత్యా దాదాపు సగం విద్యుత్తు చాలు.

3. ఒక లెక్క

శక్తి వినియోగ సూచిక = ఏడాదిలో వాడిన యూనిట్లు ÷ భవన విస్తీర్ణం (చదరపు మీటర్లలో).

5,000 చదరపు మీటర్ల భవనం ఏడాదికి 9,00,000 యూనిట్లు వాడితే సూచిక 180. రాత్రి ఎవరూ లేని 12 గంటలూ 15 కిలోవాట్లు వృథా అవుతున్నట్లు ఉపమీటరు చూపిందనుకోండి. రాత్రికి 180 యూనిట్లు. 300 రాత్రులకు 54,000. ఆ స్విచ్చులు కట్టేస్తే సూచిక 169.2కు దిగుతుంది. కొత్త యంత్రమేదీ కొనకుండానే 6 శాతం ఆదా.

4. జాగ్రత్తలు

నేను చూసిన ఒక కార్యాలయంలో ఉద్యోగులు చలికి ముడుచుకు కూర్చునేవారు. తెర మీద మాత్రం 27 డిగ్రీలు కనిపించేది. అబద్ధం చెబుతున్నాడని ఏసీ మెకానిక్‌ను అధికారి మందలించాడు. ఆ కుర్రవాడు మామూలు థర్మామీటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు: 21 డిగ్రీలు. సెన్సరును కిటికీ పక్కన, ఎండ పడేచోట బిగించారు! తెరను నమ్మి మనిషిని తప్పుపట్టే ముందు, సెన్సరు ఎక్కడుందో వెళ్ళి చూడండి.

మరొక మాట. గదిలో ఎందరున్నారో తెలిస్తే ఏసీకి చాలు, ఎవరున్నారో అక్కరలేదు. అవసరానికి మించి సేకరించిన దత్తాంశం ఉద్యోగుల మీద నిఘాగా మారుతుంది.

5. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) ఫ్యాను వేగాన్ని 70 శాతానికి తగ్గిస్తే ఎంత విద్యుత్తు కావాలి?
2) మీ కళాశాల లేదా కార్యాలయానికి ఉపమీటర్లు పెట్టవలసి వస్తే మొదట వేటికి పెడతారు? కారణాలు రాయండి.