స్లోగా కనిపించిన రిక్వెస్టే దోషి కాదు

ప్రాజెక్ట్ టీముల్లో తరచూ జరిగేది ఒకటుంది. సైట్ స్లో అవుతుంది. లాగ్ తీసి చూస్తే ఏదో ఒక రూట్‌కి 3 సెకన్లు పట్టినట్టు కనిపిస్తుంది. ఇక ఆ రూట్ ఎవరు రాశారో వాళ్ళ మీద అందరూ పడతారు. పాపం వాళ్ళు రాత్రంతా కూర్చుని, బాగానే ఉన్న కోడ్‌ని తిరగరాస్తారు. పొద్దున్నకి సైట్ మాత్రం అలాగే ఉంటుంది.

నోడ్ జేఎస్ లాంటి అసింక్రనస్ సర్వర్లలో ఇలా తప్పు మనిషిని పట్టుకోవడం చాలా తేలిక. ఎందుకంటే అక్కడ టైమ్ కనిపించే చోటు వేరు, ఖర్చయ్యే చోటు వేరు.

ముందు సర్వర్ ఎలా నడుస్తుందో చూద్దాం. 2009లో రయన్ డాల్ తయారుచేసిన నోడ్‌లో, మనం రాసిన జావాస్క్రిప్ట్ మామూలుగా ఒకే ఒక్క థ్రెడ్ మీద నడుస్తుంది. క్యాంటీన్ కౌంటర్‌లో ఒక్క అన్నే ఉన్నాడనుకోండి. దోసె అడిగితే టోకెన్ ఇచ్చి, వంటింట్లోకి కేకేసి, వెంటనే తర్వాతి వాళ్ళని పిలుస్తాడు. దోసె కాలేదాకా చూస్తూ నిలబడడు. అందుకే ఒక్కడే అయినా వంద మందిని సంభాళిస్తాడు. సర్వర్ డేటాబేస్‌ని ఏదైనా అడిగినప్పుడు చేసేది కూడా ఇదే. ఇలా ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ తిరగడాన్నే ఈవెంట్ లూప్ అంటారు.

ఇప్పుడు ఒకడు వెయ్యి రూపాయలకి అన్నీ రూపాయి బిళ్ళలే తెచ్చి కౌంటర్ మీద పోశాడు. అది వంటింటికి అప్పజెప్పే పని కాదు, అన్నే లెక్కపెట్టాలి. పది నిమిషాలు పట్టింది. వెనక నీళ్ళ బాటిల్ కోసం నిలబడ్డవాడికి కూడా పది నిమిషాలు పట్టింది. లాగ్‌లో పడేది మాత్రం "నీళ్ళ బాటిల్: 10 నిమిషాలు" అని. అందులో బాటిల్ తప్పేముంది?

దీన్ని మీ ల్యాప్‌టాప్‌లో పది లైన్ల కోడ్‌తో చూడొచ్చు. నేనూ అలాగే చూశాను. ఒక రూట్ 'హలో' అని పంపుతుంది, అంతే. ఇంకో రూట్ 3 సెకన్ల పాటు ఉత్త లూప్ తిప్పుతుంది. రెండోదాన్ని పిలిచి, వెంటనే మొదటిదాన్ని పిలిస్తే 'హలో' రావడానికి కూడా దాదాపు 3 సెకన్లు పడుతుంది. ఆ లూప్ ఉన్న ఫంక్షన్ ముందు 'అసింక్' అని పెట్టినా ఏమీ మారదు. అసింక్, అవెయిట్ రాస్తే పని వేరే ఎక్కడికో వెళ్ళిపోతుందని చాలామంది అనుకుంటారు. వెళ్ళదు. అవెయిట్ వల్ల పక్కకి జరిగేది ఎదురుచూపు మాత్రమే. లెక్కపెట్టే పని కౌంటర్ దగ్గరే ఉంటుంది.

కాబట్టి సర్వర్ స్లో అయితే ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ టైమ్ పనిలో పోయిందా, ఎదురుచూపులో పోయిందా?

దీనికి నోడ్‌లోనే సాధనం ఉంది. 'పెర్ఫ్ హుక్స్' మాడ్యూల్‌లో ఈవెంట్ లూప్ డిలేని కొలిచే ఫంక్షన్ ఉంటుంది. ఐడియా సింపుల్: ఇంతసేపటి తర్వాత లేపు అని టైమర్ పెట్టి, ఎంత లేటుగా లేచిందో చూడటం. బాగా లేటయితే ఆ మధ్యలో కౌంటర్ దగ్గర ఎవరో బిళ్ళలు పోశారని అర్థం. ఇక్కడ సగటు చూస్తే మోసపోతాం. 99 రిక్వెస్టులకి 10 మిల్లీసెకన్లు, ఒక్కదానికి 3000 పడితే సగటు 40 కూడా దాటదు. అందుకే చివర్లో ఉన్న ఆ ఒక్క శాతం ఎలా ఉందో చూడాలి.

లూప్ ఆగుతోందని తేలితే ప్రొఫైలర్ పెట్టాలి. అది సెకనుకి చాలాసార్లు తొంగిచూసి, ఇప్పుడు ఏ ఫంక్షన్ నడుస్తోందో రాసుకుంటుంది. ఆ లెక్కని బొమ్మగా చూపించేదే బ్రెండన్ గ్రెగ్ కనిపెట్టిన ఫ్లేమ్ గ్రాఫ్. అందులో పట్టీ ఎంత వెడల్పుంటే ఆ ఫంక్షన్ అంత సీపీయూ తిన్నట్టు. ఎత్తు చెప్పేది ఎవరు ఎవర్ని పిలిచారన్నది మాత్రమే.

నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు 2014లో రాసిన కథ దీనికి మంచి ఉదాహరణ. వాళ్ళ నోడ్ సర్వర్‌లో ప్రతి రిక్వెస్టూ గంటకి 10 మిల్లీసెకన్ల చొప్పున స్లో అవుతూ పోయింది. మొదట మెమరీ లీక్ అనుకున్నారు. కానీ మెమరీ పెరగడం లేదు. ఫ్లేమ్ గ్రాఫ్ తీస్తే ఎక్స్‌ప్రెస్ రౌటర్ ఫంక్షన్లే మళ్ళీ మళ్ళీ కనిపించాయి. ఎక్స్‌ప్రెస్ రూట్లన్నిటినీ ఒక అర్రేలో పెట్టి వరసగా వెతుకుతుంది. రూట్లని అప్పుడప్పుడూ రిఫ్రెష్ చేసే వాళ్ళ కోడ్, ఒకే హ్యాండ్లర్‌ని ప్రతిసారీ కొత్తగా చేరుస్తూ పోయింది. క్యూ పొడుగవుతుంటే ప్రతి రిక్వెస్టూ దాని చివరిదాకా నడవాల్సి వచ్చింది. ఏ ఒక్క రూట్ కోడ్ చదివినా ఇది దొరికేది కాదు.

మరి లూప్ ఖాళీగానే ఉండి, జవాబు మాత్రం లేటైతే? అప్పుడు ప్రొఫైలర్‌లో ఏమీ కనపడదు, ఎదురుచూపు సీపీయూ తినదు కాబట్టి. అక్కడ కావాల్సింది ట్రేసింగ్. ప్రతి రిక్వెస్ట్‌కి ఒక నంబర్ ఇచ్చి, అది ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో రాసుకోవాలి. కాల్‌బ్యాకులు మారినా ఆ నంబర్ చెయ్యి జారకుండా 'అసింక్ లోకల్ స్టోరేజ్' పట్టుకుంటుంది. అలా రాసుకున్న ట్రేస్ మెట్లలా కనిపిస్తే, ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులని కూడా వరసగా అవెయిట్ చేస్తున్నారేమో చూడండి. ఒక్కోటి 100 మిల్లీసెకన్ల క్వెరీలు 5 వరసగా చేస్తే 500. 'ప్రామిస్ ఆల్'‌తో ఒకేసారి పంపితే, డేటాబేస్ తట్టుకోగలిగితే, సుమారు 100.

ట్రేస్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. ఫైల్ చదవడం, పాస్‌వర్డ్ హ్యాష్ చేయడం లాంటి కొన్ని పనుల్ని నోడ్ వెనకాల ఒక థ్రెడ్ పూల్‌కి ఇస్తుంది. మామూలుగా అందులో ఉండేవి 4 థ్రెడ్లే. నలుగురు ఒకేసారి లాగిన్ అయి నాలుగు థ్రెడ్లూ హ్యాషింగ్‌లో ఉంటే, చిన్న ఫైల్ చదవడం కూడా క్యూలో నిలబడాలి. ట్రేస్ "ఫైల్ స్లో" అంటుంది. డిస్క్ మాత్రం ఖాళీగా కూర్చుని ఉంటుంది.

కారణం తెలిశాక రిపేర్ పెద్ద కష్టం కాదు. బరువైన లెక్కని వర్కర్ థ్రెడ్‌కి పంపొచ్చు, ముక్కలు చేసి మధ్యమధ్యలో లూప్‌ని వదలొచ్చు, పూల్ సైజు పెంచొచ్చు. కానీ కొలవకుండా ఇవన్నీ చేస్తే గుడ్డిగా మందులేసినట్టే. వచ్చే ప్రాజెక్ట్ రివ్యూకి ముందు సైట్ స్లో అయితే, "ఈ రూట్ ఎవరిది?" అని అడిగేముందు లూప్ డిలే ఒక్కసారి చూడండి. అది రెండు నిమిషాల పని, మీ టీమ్‌లో ఎవరిదో ఒకరి రాత్రి నిద్ర మిగులుతుంది.