ఆక్సిజన్ మిషను, ఇస్త్రీపెట్టె ఒకే బాక్సుకా?

ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్‌తో రోగిని ఇంటికి తీసుకువెళ్ళినవారు చాలాసార్లు దానిని మంచం పక్కనున్న స్పైక్ బస్టర్‌కే తగిలిస్తారు. అందులో అప్పటికే టీవీ, సెల్ ఛార్జరు ఉంటాయి. కాసేపటికి ఎవరో ఇస్త్రీపెట్టె కూడా పెడతారు. స్పైక్ బస్టర్ ఉంది కదా అని ధీమా! అది ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని కొంతవరకు అడ్డుకుంటుందేగాని, తీగ మోయగల కరెంటును పెంచదు.

మన ఇళ్ళలో వచ్చే 230 వోల్టుల కరెంటుకు 6 ఆంపియర్ల ప్లగ్గు సుమారు 1,380 వాట్ల వరకే తట్టుకుంటుంది. 5 లీటర్ల కాన్‌సెంట్రేటర్‌కు దాదాపు 350 వాట్లు, ఇస్త్రీపెట్టెకు 1,000 వాట్లు. ఇక టీవీకి చోటెక్కడ? నీళ్ళు కాచే 1,500 వాట్ల రాడ్డయితే ఒక్కటే ఎక్కువ. బాక్సు ట్రిప్ అయితే ఇస్త్రీతోపాటు రోగికి ఆక్సిజన్ కూడా ఆగిపోతుంది.

బాక్సు బాగా వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా దానిని ముట్టుకోకండి. మెయిన్ స్విచ్ ఆపి, రోగిని వెంటనే దూరంగా తీసుకువెళ్ళి సిలిండరు పెట్టండి. నీళ్ళు పోయవద్దు. ఆ బాక్సును మళ్ళీ వాడవద్దు. ఫ్యూజు పోతే లావుపాటి రాగితీగ చుట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అది ఫ్యూజు లేనట్టే లెక్క.

కాన్‌సెంట్రేటర్‌ను ఎర్త్ ఉన్న గోడ సాకెట్‌కు నేరుగా పెట్టండి. నిండు సిలిండరు ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి.