అరకుకొండల మంచు – ఆక్రిలిక్ రంగులు

తైలవర్ణ చిత్రలేఖనము మన యిండ్లలో వ్యాపింపకపోవుటకు టర్పెంటైను వాసన యొక కారణము, రంగు ఆరుటకు దినములు పట్టుట మఱియొకటి. పిల్లలు తిరుగాడు నింట తడిబొమ్మను దాచుటెట్లు? 1950 తరువాతి దశకమున అమెరికాలో అమ్మకమునకు వచ్చిన నీటి ఆక్రిలిక్ రంగులు ఈ రెండు చిక్కులను తీర్చినవి. వీనిలో రంగుపొడిని పట్టియుంచునది నూనె కాదు, నీటిలో కలిసియుండు ప్లాస్టిక్ జాతి పదార్థము. నీరు ఆవిరి కాగానే అది పొరకట్టును. పిమ్మట నీరు తగిలినను కరగదు.

అయితే ఈ తొందరయే మంచును చిత్రించువారికి చిక్కు తెచ్చును. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. మార్గశిరమున తెల్లవారుజామున లోయ మంచుతో నిండి, కొండలు ఒకదాని వెనుక నొకటి పలుచనై తుద కాకాశములో కలిసిపోవును. ఆ మెత్తని యంచును తైలవర్ణముతో తీరికగా కలుపవచ్చును. ఆక్రిలిక్కుతో నైనచో కలుపుచుండగనే ఆరి గీత నిలిచిపోవును.

మేము మొదట రంగులో ఆరుటను జాగుచేయు రిటార్డరను ద్రవము కలిపి, నడుమ నడుమ నీటితుంపర చల్లి చూచితిమి. అంచులు కలిసినవి గాని రంగు బంకబంకగా నుండి మంచునకు లేని బరువు వచ్చెను. అంతట కలుపుట మాని పొరలు వేయ నారంభించితిమి. కొండలను స్పష్టమైన యంచులతోనే చిత్రించి పూర్తిగా ఆరనీయవలెను. తెలుపులో రవంత నీలము చేర్చి, ఆక్రిలిక్ మీడియముతో మిక్కిలి పలుచన చేసి, తడి స్పాంజితో కొండపాదములపై అద్దవలెను. ఒట్టి నీటితో పలుచన చేసినచో పొరకు పట్టు తగ్గును. ఒక పూత ఆరిన పిదప మఱియొకటి, ఇట్లు ఆరేడు. క్రింది పొర కరగదు గనుక కొండ చెదరదు. నచ్చని పూతను తడిగా నుండగనే గుడ్డతో తుడిచివేయవచ్చును. వంటకును వంటకును నడుమ ఒక్కొక్క పూత వేయుట మావంటివారికి ఎంత యనుకూలము!

వేకువచలిలో ఆరుబయట రంగు వేయరాదు. ఉష్ణము 10 డిగ్రీలకు దిగినచో పొర సరిగా కట్టదు. అచ్చట పెన్సిలుతో గుర్తులు వ్రాసికొని, ఎండ కాసిన పిదప రంగు ముట్టుట మేలు.

శ్రీకాకుళపు మన్యములోని సవరలు గోడకు ముందు ఎఱ్ఱమట్టి పూసి, దానిపై బియ్యపుపిండితో తెల్లని బొమ్మలు వేయుదురు. మేమును కాన్వాసునకు ముందు మట్టియెఱుపు పూసితిమి. కొండల నీలము సందులలో ఆ యెఱుపు తొంగిచూచి అచ్చటి నేలను తలపించినది. వలిసెపూల పసుపు మాత్రము ఎఱుపుపై వెలవెలబోవును, దానిక్రింద తెలుపు వేయక తప్పదు.

ప్రకృతిచిత్రములు స్త్రీలకేల యనువారికి రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారి (1897–1925) కుటుంబమును చూపుదుము. ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే.

కొండలలో కుంచెలు కడిగిన నీటిని గెడ్డలో పారబోయకుడు. అందలి ప్లాస్టిక్ కుళ్లిపోవునది కాదు. ఆ గెడ్డనీరే దిగువ గూడెములవారు బిందెలతో ముంచుకొందురు. కుంచెను ముందు గుడ్డతో తుడిచి, కడిగిన నీటిని సీసాలో పోసి మేము ఇంటికి తెచ్చుకొందుము. అడుగున తేరిన మడ్డిని ఎండబెట్టి చెత్తలో వేయుదుము.