క్రూడ్ పెరిగితే పొన్నూరు కౌలు రైతుపై ఎంత భారం? ఆ బిల్లు కట్టేదెవరు?

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. ముడి చమురు రేటు భగ్గుమంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొన్నూరు బంకుల్లోనూ డీజిల్ రేటు వరసగా పెరుగుతూ పోయింది. ఎక్కడి యుద్ధం.. ఎక్కడి ట్రాక్టర్?

మన దేశానికి కావాల్సిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొంటున్నదే. ఆ రేటు మన చేతుల్లో లేదు. పెరిగిన భారం ఎవరి మీద వేయాలన్నది మాత్రం ప్రభుత్వాల చేతుల్లోనే ఉంటుంది. చమురు కొనుక్కునే దేశాలకు ఉన్న దారులేంటో చూద్దాం.

పన్ను తగ్గించడం

2021 దీపావళికి ముందు రోజు కేంద్రం ఎక్సైజ్ సుంకంలో పెట్రోల్‌పై రూ.5, డీజిల్‌పై రూ.10 కోత ప్రకటించింది. 2022 మేలో మళ్లీ పెట్రోల్‌పై రూ.8, డీజిల్‌పై రూ.6 తగ్గించింది.

ఇక్కడో మెలిక ఉంది. ఏపీలో డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, లీటరుకు రూ.4 అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్ ఉన్నాయి. శాతం వ్యాట్‌ను ఎక్సైజ్ కలిపిన ధర మీద లెక్కేస్తారు. కాబట్టి కేంద్రం రూ.10 తగ్గిస్తే వ్యాట్ కూడా రూ.2కు పైగా తగ్గుతుంది. అంటే బంకులో రేటు రూ.12 దాకా దిగుతుంది. క్రూడ్ పెరిగితే సీన్ రివర్స్. రాష్ట్రానికి వచ్చే వ్యాట్ దానంతట అదే పెరుగుతుంది.

రేటు ఆపేయడం

పెట్రోల్ రేట్లపై 2010లో, డీజిల్‌పై 2014లో ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. 2017 జూన్ నుంచి రోజువారీ సవరణ వచ్చింది. అయినా 2021 నవంబర్ నుంచి నాలుగు నెలలకు పైగా కంపెనీలు రేట్లు కదపలేదు. 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపు మాత్రం లీటరుకు ఏకంగా రూ.10 పెంచాయి. ఆ తర్వాత మళ్లీ ఆపేశాయి. క్రూడ్ దిగొచ్చాక ఆ మేరకు రేట్లు తగ్గించలేదు. అలా పాత నష్టం పూడ్చుకున్నాయి. బిల్లు మాఫీ కాలేదు, వాయిదా పడిందంతే.

చౌకగా కొనడం, దాచుకోవడం

2022కు ముందు మన దిగుమతుల్లో రష్యా చమురు 2 శాతం లోపే. డిస్కౌంట్ రావడంతో ఆ తర్వాత మూడో వంతు దాటింది. ఇక విశాఖ, మంగళూరు, పాదూరుల్లో భూగర్భ నిల్వ కేంద్రాలున్నాయి. మూడూ నిండితే 53.3 లక్షల టన్నులు. దేశానికి సుమారు తొమ్మిదిన్నర రోజులకు సరిపోతుంది. ఇది ఆపద కోసమే. రేటు తగ్గించడానికి చాలదు.

వాడకం తగ్గించడం, నగదు ఇవ్వడం

డాలర్లు అయిపోయిన శ్రీలంక 2022లో క్యూఆర్ కోడ్‌తో వారానికి ఇన్ని లీటర్లేనని కోటా పెట్టింది. జర్మనీ మూడు నెలలు 9 యూరోలకే నెలవారీ ప్రయాణ టికెట్ ఇచ్చింది. ఇండోనేషియా సబ్సిడీ పెట్రోల్ రేటు సుమారు 30 శాతం పెంచి, పేద కుటుంబాలకు నేరుగా నగదు ఇచ్చింది.

మరి పొన్నూరులో?

ఒక లెక్క చూద్దాం. ఎకరా దమ్ముకు ట్రాక్టర్ 10 లీటర్లు తాగుతుందనుకుంటే, లీటరుకు రూ.10 పెరిగితే ఎకరాకు రూ.100 అదనం. పదెకరాల కౌలు రైతుకు రూ.1,000. కోత మిషన్, ధాన్యం తోలకం ఖర్చులు వేరే. వాటిని వడ్ల రేటులో కలుపుకుందామంటే కుదరదు. మద్దతు ధర ప్రకటించేది ఏడాదికి ఒక్కసారే.

పన్ను కోతతో రైతుకు కొంత ఊరటే. కానీ ఎక్కువ లీటర్లు కొట్టించే వాళ్లకే ఎక్కువ లాభం. నగదు ఇద్దామంటే ఇంకో చిక్కు. పీఎం కిసాన్ డబ్బు భూమి ఉన్న వాళ్లకే వస్తుంది, కౌలుదారుకు రాదు.

బిహార్‌లో వర్షాలు ముఖం చాటేసినప్పుడు నీటి తడులకు డీజిల్ సబ్సిడీ ఇచ్చారు. అలాంటిది ఇక్కడ రావాలంటే సాగు చేసేదెవరో రికార్డుల్లో ఉండాలి. ఏపీలో ఆ పని చేసేది ఈ-క్రాప్ నమోదు. అందులో కౌలు రైతు పేరు ఎక్కితేనే, రేపు క్రూడ్ మళ్లీ మండినప్పుడు ఏ సాయమైనా ఆయన దాకా వచ్చేది.