కొర్రమట్టకు గాలం వేయండి, ఎర్ర పిల్లల జోలికి పోకండి

వేసవిలో కాలువలు కట్టేశాక మన డెల్టాలో ఏ ఊరు వెళ్లినా ఇదే కనబడుతుంది. పంట బోదెల్లో, మురుగు కాలువల్లో నీళ్లు ఇంకిపోయి అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. గాలాలు, ఊతలు పట్టుకుని పిల్లలూ పెద్దలూ ఆ మడుగుల చుట్టూ చేరతారు. పరిగెలు పడితే సరే, జెల్ల పడితే ఇంకా మంచిది. కానీ అందరి కన్నూ కొర్రమట్ట మీదే. తెలంగాణ వైపు కొర్రమీను అనేది దీన్నే. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ. బజారులో బొచ్చె, శీలావతి కంటే దీని ధర ఎంతో ఎక్కువ. పైగా ప్రాణంతో అమ్ముడుపోయే చేప. అరెకరం, ఎకరం చేసుకునే రైతుకి పొలం పని లేని ఆ నెలన్నరలో రెండు మూడు కొర్రమట్టలు దొరికితే ఇంటికి కూర, చేతికి నాలుగు రూపాయలు.

కొర్రమట్ట వెంటాడి వేటాడే చేప కాదు, మాటు వేసే చేప. గుర్రపుడెక్క అంచున, జమ్ము దుబ్బుల మధ్య, తూము గోడ నీడన, నీళ్లలో పడిన తాటి మొద్దు పక్కన కదలకుండా పొంచి ఉంటుంది. ఎర దగ్గరికొస్తే ఒక్క దూకు దూకుతుంది. అందుకే నడి కాలువలో గాలం వేసి కూర్చుంటే పొద్దు గడవడమే తప్ప చేప పడదు.

దాని జాడ తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. కొర్రమట్ట మొప్పలతో తీసుకునే గాలి ఒక్కటే చాలక కొద్దిసేపటికోసారి పైకొచ్చి నోటితో గాలి మింగిపోతుంది. మడుగు గట్టున మాట్లాడకుండా పావుగంట కూర్చోండి. ఎక్కడ నీళ్లు "బుడుంగు"మని గుండ్రంగా అలలు లేస్తాయో గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాదాపు అక్కడే లేస్తుంది.

గాలం ఎలా వేయాలి?

ఉదయం ఎండ ముదరక ముందు, సాయంత్రం పొద్దువాలే వేళ మంచి అదను. గట్టి వెదురు గెడ, లావుపాటి నైలాన్ దారం, పెద్ద ముల్లు కావాలి. ఈ చేప నోరు పెద్దది, పళ్లు పదునైనవి, సన్న దారం నిలవదు. ఎరగా బతికున్న పరిగె శ్రేష్ఠం. వెన్ను రెక్క కింద చర్మానికి మాత్రం ముల్లు గుచ్చితే అది చాలాసేపు ఈదుతుంటుంది. నీటి మట్టానికి జానెడు లోతులో ఉండేలా బెండు కట్టి నాచు అంచున వదలాలి. చిన్న చేపలకైతే వానపాము చాలు.

మన వైపు చాలామంది కప్పను ఎరగా వాడతారు. నిజమే, కప్పకు పడినట్టు దేనికీ పడదు. అయినా వద్దనే చెప్పాలి. వరి చేలో పురుగుని ఖర్చు లేకుండా తినిపెట్టేది కప్పే. కప్ప కాళ్ల ఎగుమతిని ప్రభుత్వం 1987లోనే ఆపేసింది. విదేశీ డబ్బు వస్తున్నా వద్దనుకున్నారంటే కారణం ఉంది కదా.

బెండు మునగగానే గుంజేయకండి. కొర్రమట్ట ముందు ఎరను అడ్డంగా కరుచుకుని నాచులోకి జరుగుతుంది, తర్వాతే మింగుతుంది. పది లెక్కపెట్టి, దారం బిగిశాక ఒక్క ఊపున లాగి గట్టుకి పడేయాలి. మెల్లగా లాగితే గుర్రపుడెక్క వేళ్లలో దూరి దారం చుట్టేస్తుంది. తడి గోనె గుడ్డతో తల వెనక పట్టుకుంటే జారదు. గట్టున పడ్డాక కూడా గడ్డిలో పాక్కుంటూ నీళ్లలోకి పోగలదని మరిచిపోవద్దు.

గట్టు బొరియల్లో చెయ్యి పెట్టి తడిమే అలవాటు ఉన్నవాళ్లు మానుకుంటే మంచిది. ఆ బొరియల్లో చేపే ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు.

ఎర్ర పిల్లల గుంపు కనబడితే...

అసలు చెప్పదలచింది ఇది. మృగశిర కార్తె వచ్చి వానలు పడి, కాలువలకు కొత్త నీళ్లు వదిలేసరికి కొర్రమట్ట మురుగు కాలువ నుంచి బోదెకి, బోదె నుంచి చేలోకి ఎదురెక్కుతుంది. పల్లపు అంచున నాచు తొలగించి, జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది. పసుపు రంగు గుడ్లు నీటి మీద తేలుతుంటాయి. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. కొన్నాళ్లకు పిల్లలు ఎర్రగా, నారింజ రంగులో వేల సంఖ్యలో ఒకే గుంపుగా తిరుగుతాయి. గాలి కోసం అన్నీ కలిసి పైకి లేస్తుంటే నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది.

ఆ గుంపు కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ముఖ్యంగా మగ చేప. సుమారు నెల రోజులు పిల్లల్ని వదలదు. గుంపు దగ్గరికి ఏది వచ్చినా, కప్పగానీ, పామునెత్తిగానీ, మీ గాలంగానీ, తినడానికి కాదు, తరమడానికి దూకి కరుస్తుంది. అందుకే ఆ సమయంలో దాన్ని పట్టడం మహా తేలిక. గుంపు మధ్యలో గాలం ఆడిస్తే చాలు, రెండు నిమిషాల్లో కిలో చేప చేతిలో ఉంటుంది. దాన్ని నేర్పరితనం అనుకునేవాళ్లున్నారు.

ఆ చేప పోయిన గంటలోనే మట్టగిడసలు, కొంగలు ఆ గుంపు మీద పడతాయి. వేల పిల్లల్లో మిగిలేవి ఎన్నో చెప్పనక్కర్లేదు. విత్తనపు బస్తా విప్పి వండుకు తినడమే ఇది. కాబట్టి ఎర్ర గుంపు కనబడితే గాలం తీసి పది బారలు అవతల వేసుకోండి. తొలి నీళ్లు వచ్చిన పది పదిహేను రోజులు తూముల దగ్గర, బోదె మలుపుల్లో దారి మొత్తం మూసేలా మావులు పెట్టకండి. సగం దారి వదిలితే ఎక్కే చేప ఎక్కుతుంది, మీ మావులోనూ పడేవి పడతాయి.

హైదరాబాదులో మృగశిర నాడు చేప మందుకి వాడేది కూడా కొర్రమీను పిల్లే. దానివల్ల ఉబ్బసం తగ్గుతుందా లేదా అన్నది వేరే సంగతి. పెంపకానికైనా మరి దేనికైనా బోదెల్లో ఎర్ర పిల్లల్ని గుడ్డతో తోడి అమ్మడం మంచిది కాదు. పెంచుకోవాలనుకునేవారు మత్స్యశాఖ వారిని అడిగి హేచరీ పిల్లలు తెచ్చుకోవాలి. ఒకే సైజువి వేయాలి, లేకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది.

ఈ జాతి చేప అమెరికాలో శత్రువు. 2002లో మేరీలాండ్ రాష్ట్రంలో ఒక చెరువులో దీని చైనా దాయాది కనబడితే చెరువు మొత్తం మందు కలిపి చంపారు. అక్కడ పుట్టిన చేప కాదు కాబట్టి వాళ్ల భయం వాళ్లది. ఇక్కడ పుట్టిన దాన్ని మనమే మందు పోసి చంపుతున్నాం.

మందు పోసి, కరెంటు పెట్టి చేపలు పట్టడం గురించి రెండు మాటలు. నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరం. మోటారు తీగ లాగి మడుగులో పెడితే చేపతో పాటు దాని గుడ్లూ, పిల్లలూ, తడి కాళ్లతో ఉన్న మనిషీ పోతారు. చేలో మందు కొట్టిన నీళ్లు బోదెలోకి వదిలినా ఫలితం అదే. ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చేపకి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. వరిలో ఈ మందులు కొడితే దోమ తగ్గకపోగా పెరుగుతుంది కూడా.

పట్టిన చేపను అమ్మేదాకా సిమెంటు తొట్టిలో మూరెడు లోతుకి మించకుండా నీళ్లు పోసి వదలండి. పైన వల కప్పాలి, లేకపోతే దూకి పోతుంది. ఆ వల నీళ్లకు ఆనకూడదు. పైకొచ్చి గాలి మింగడానికి వీల్లేకపోతే ఈ చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వినడానికి వింతగా ఉన్నా, నీళ్లలో ముంచి కట్టిన వల సంచిలో చచ్చేవి ఇలా చచ్చేవే.

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు ఉన్న చేపలు పడవచ్చు. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదట కనబడిన పుండ్ల తెగులు ఇది. తర్వాత మన వైపూ వచ్చింది. అన్నిటికంటే కొర్రమట్ట జాతినే ఎక్కువ దెబ్బతీసింది. అలాంటి చేపను తినవద్దు, అమ్మవద్దు, మీ గుంటలో అసలే వేయవద్దు. దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పాతిపెట్టాలి. బెజవాడ ఊరి మురుగు కలిసే కాలువల్లో పట్టినవి కూడా తినకపోవడమే మేలు. పంచాయతీ చెరువులో అయితే గాలం వేసే ముందు ఆ ఏడు చెరువు పాట ఎవరికి వచ్చిందో కనుక్కుని, ఒక మాట అడిగి వేయండి.