వెనక చక్రం ఇరుసు: వదులు చెయ్యడం, బిగించడం



పదో తరగతి పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో నేను ఒక మెకానిక్ షెడ్డులో చేరాను. అక్కడ నేర్చుకున్న మొదటి పని మోటారు సైకిల్ చైను బిగించడం. మొదటి తప్పు చేసిందీ అందులోనే. మీరు ఆ తప్పు చెయ్యకూడదని ఈ నాలుగు మాటలు.

చైను వదులయ్యేది ఇనుము సాగి కాదు. లింకుల్లోని పిన్నులు, బుష్షులు అరిగి దాని పొడవు పెరుగుతుంది. అప్పుడు వెనక చక్రాన్ని కొద్దిగా వెనక్కి జరపాలి. ఇరుసు ఒక పొడవాటి గాడిలో ఉంటుంది. చక్రం ఎక్కడ ఉండాలో నిలిపేవి అడ్జస్టర్లు. కదలకుండా పట్టి ఉంచేది మాత్రం ఇరుసు నట్టు.

ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ స్టాండు వెయ్యండి. నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటే ముందు తీయండి. రెండో వైపు ఇరుసు తల తిరగకుండా ఒక పానాతో పట్టుకుని నట్టు వదులు చెయ్యండి. పూర్తిగా ఊడదీయనక్కర లేదు. స్ప్లెండర్ వంటి బళ్ళకు చైను వైపు స్లీవ్ నట్టు కూడా ఉంటుంది, దాన్నీ వదలండి.

తర్వాత రెండు వైపులా అడ్జస్టర్ నట్లను సమానంగా తిప్పండి. రెండు వైపులా గీతలు ఒకే అంకె దగ్గర ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా నడిచి చైను, పళ్ళ చక్రాలు త్వరగా అరుగుతాయి. చక్రం తిప్పుతూ చైను బాగా బిగిసిన చోట చూడండి. చాలా చిన్న బళ్ళకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి పుస్తకంలో ఉన్న కొలతే ప్రమాణం. మరీ బిగిస్తే బేరింగులు పాడవుతాయి.

చివరికి నట్లన్నీ గట్టిగా బిగించి, కొత్త పిన్ను వేసి, చైను ఆట మరోసారి చూడండి. చక్రం జరిగింది కనుక వెనక బ్రేకు కూడా సరిచూడాలి.

ఆ రోజు నేను అడ్జస్టర్లు తిప్పి, ఇరుసు నట్టును చేత్తో బిగించి వదిలేశాను. సాయంత్రం ఒకాయన బండి నెట్టుకుంటూ వచ్చాడు. పక్కన ఆయన చిన్న కూతురు. చక్రం పక్కకు జరిగి చైను జారిపోయిందట. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేస్త్రి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "ఏం మరిచిపోయావో ఆ పాపకు నువ్వే చెప్పు" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు.

అప్పటి నుంచి నట్టు బిగించాక దాని మీదుగా ఫోర్కు దాకా సుద్దముక్కతో ఒక గీత గీస్తాను. గీత ఉంటే బిగించినట్టు. గీత తప్పితే నట్టు కదిలినట్టు. తమ్ముళ్ళూ, చేతిపని నేర్చుకోండి. కానీ బిగించాననే నమ్మకంతో వదిలెయ్యకండి, చూసి వదలండి.

- మీ హాస్టల్ పూర్వ విద్యార్థి