దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది?



ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే గొట్టాల లోపలి పొర వాచి, కళ్ళె ఊరితే దాన్ని బ్రాంకైటిస్ అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది జలుబుతో మొదలై రొమ్ముకు దిగుతుంది. ముందు పొడిదగ్గు, తర్వాత కళ్ళె. ఇది చాలావరకు వైరస్ వల్ల వస్తుంది, రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కళ్ళె పచ్చగా ఉన్నంత మాత్రాన మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి మింగనక్కరలేదు.

రెండోది దీర్ఘకాలికం. ఏడాదికి మూడు నెలల చొప్పున వరుసగా రెండేళ్ళు కళ్ళెతో దగ్గు ఉంటే దీన్ని అనుమానించాలి. బీడీ, చుట్ట ముఖ్య కారణాలు. అయితే బీడీ ముట్టని ఆడవాళ్ళకూ ఇది వస్తుంది. కవితాళ, మాన్వి వైపు పల్లెల్లో పత్తికట్టె, కందికట్టె పెట్టి వండే పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి పొగ పీల్చడమే అందుకు కారణం. "వయసు మీద పడింది, ఆయాసం మామూలే" అని ఊరుకోకండి.

డాక్టరు ఎలా తేలుస్తారు? ముందు మీరు చెప్పేది వింటారు, తర్వాత స్టెతస్కోపు పెట్టి రొమ్ము వింటారు. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టిన ఆ పరికరమే ఇప్పటికీ మొదటి ఆధారం. ఎక్స్‌రే అందరికీ అవసరం లేదు. జ్వరం ఎక్కువగా ఉండి ఊపిరి వేగంగా ఆడుతుంటే, న్యుమోనియా కాదని తేల్చుకోవడానికి తీస్తారు. దీర్ఘకాలిక దగ్గుకు గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష కావాలి.

ముఖ్యమైన మాట. రెండు వారాలు దాటిన దగ్గును బ్రాంకైటిస్ అని మనకు మనమే తీర్మానించుకోకూడదు. అది క్షయ కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష ఉచితం, క్షయ మందులూ ఉచితమే.

కళ్ళెలో రక్తం పడినా, పెదవులు నీలంగా మారినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఏడాది నుంచి ఐదేళ్ళలోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు, రెండు నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా ఆలస్యం చేయకండి.

డాక్టరుగారు కన్నడంలో అడిగితే తడబడనక్కరలేదు. దగ్గును వాళ్ళు కెమ్ము అంటారు. కఫం, జ్వరం, దమ్ము అంటే వాళ్ళకూ తెలుస్తుంది. ఎన్నాళ్ళుగా దగ్గు, కళ్ళె ఎలా ఉంది, ఇంట్లో పొయ్యా గ్యాసా, బీడీ అలవాటుందా? ఈ నాలుగూ దాచకుండా చెప్పండి. సగం రోగనిర్ణయం మీ మాటల్లోనే ఉంటుంది.